కారులో కాళ్ల కింద నీళ్లు

రేణిగుంట రోడ్డు మీద ఎండకు తాళలేక ఏసీ వేసిన ప్రతిసారీ ముందు సీటులో కూర్చున్న అమ్మ చీర కుచ్చిళ్లు తడుస్తుంటే, ఎడమవైపు మ్యాటు ఎత్తి చూశాను. కింద కార్పెట్టు పిండితే నీళ్లు కారేంతగా నాని, ముక్కిపోయిన వాసన కొడుతోంది. ఒక షెడ్డులో గ్యాసు తగ్గిందన్నారు, డబ్బు తీసుకుని నింపారు, నీళ్లు మాత్రం ఆగలేదు. మరోచోట డ్యాష్‌బోర్డు మొత్తం విప్పి కూలింగ్ కాయిల్ మార్చాలన్నారు. గాలిలోని తేమ చల్లటి కాయిల్‌కు తగిలి నీరవుతుందని, ఆ నీరు సన్నని డ్రెయిన్ గొట్టం గుండా కారు కిందికి పోవాలని, ఆ గొట్టం దుమ్ముతోనో ఆకులతోనో పూడుకుంటే లోపలికే పొంగుతుందని ఈ పనే చేసేవారికి తెలియదా? ఏసీ గంటసేపు నడిచినా బండి కింద ఒక్క చుక్క పడకపోతే ముందుగా చూడవలసింది అదే కదా! చివరకు కరకంబాడి రోడ్డులో ఒక కుర్రవాడు బండి కిందికి దూరి, గొట్టం చివర గాలి కొట్టగానే నల్లటి బురద ముద్ద ఊడిపడింది, దాని వెనుకే నీళ్లు ధార కట్టాయి. పది నిమిషాల పని. ఇందుకోసం మూడు వారాలు తిప్పించుకోవడం, అవసరం లేని గ్యాసుకు డబ్బు గుంజడం ఏం న్యాయం? కార్పెట్టు ఇంకా ఆరలేదు. అమ్మ ఇప్పటికీ కాళ్లు పైకి ముడుచుకునే కూర్చుంటోంది.