ఆకుపిట్ట రెక్క మీద గీత ఒకటా, ఒకటిన్నరా?

ఏప్రిల్ వచ్చిందంటే మా పక్షిప్రేమికుల వాట్సాప్ గ్రూపుకి పబ్లిక్ పరీక్షలే. శీతాకాలమంతా మన దగ్గర తిని కూర్చున్న పిట్టలు తిరుగు ప్రయాణం కడతాయి. గులాబీ గోరింకలు మోదుగపూల తేనె తాగేసి, కజకిస్తాన్ వైపు మిడతల వేటకి బయల్దేరతాయి. గ్రూపు జాబితాలో ‘చూశాం’ అని టిక్ పడకుండా వెళ్లిన పిట్ట మాత్రం అసలు రానట్టే లెక్క.

మొన్న ఆదివారం ఒకాయన ఫోటో పెట్టారు. అందులో వేపాకులున్నాయి. బాగా పెద్దది చేస్తే ఆకుల వెనక ఓ మరక. ‘గ్రీనిష్ వార్బ్లర్ (ఆకుపిట్టల్లో ఓ జాతి), రికార్డ్ షాట్’ అని, అంటే సాక్ష్యానికి మాత్రమే తీసిన ఫోటో అని, కింద రాశారు. అంతే!

‘కాదు సార్, దాన్ని పోలిన ఇంకో ఆకుపిట్ట, గ్రీన్ వార్బ్లర్. పొట్ట పసుపు చూడండి.’

‘ఆ పసుపు ఎండది.’

‘రెక్క మీద గీత ఒకటా, రెండా?’

‘ఒకటిన్నర.’

ఒకరు ఎర్ర సున్నా చుట్టి పంపారు. సున్నాలో ఆకే ఉంది. భోజనాల వేళకి మెసేజీలు వంద దాటాయి. కూత వినిపిస్తే తేలిపోతుందన్నారు ఇంకొకరు. ఆడియో వచ్చింది. ప్రెషర్ కుక్కర్ విజిల్స్ మూడు. మా పండితుడు చెవి ఒగ్గి విని, ‘గ్రీనిష్‌ది రెండక్షరాల కూత. ఇది మూడు. గ్రీనే’ అని తేల్చేశాడు. పప్పు దించేశారు కాబట్టి సరిపోయింది, లేకపోతే కొత్త జాతి పుట్టేది.

(కొత్తగా చేరిన పెద్దాయన ఎర్రకాళ్ల కొంగల్ని ‘సైబీరియా అతిథులు’ అన్నందుకు ఆ వారం తలెత్తుకోలేకపోయారు. మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చింతచెట్ల మీద పిల్లల్ని పెంచే కొంగలవి!)

అదే ఆదివారం నేనూ చెరువు గట్టు మీదే ఉన్నాను. హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువుని 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. మా చెరువుకి అలాంటి బోర్డు లేదు, ఉన్నదల్లా మేమే. ఎదుటి ఒడ్డున ఓ టిప్పర్ వెనక్కొచ్చి, పగిలిన టైల్సూ స్లాబు ముక్కలూ నీళ్లలోకి గుమ్మరించింది. సరిగ్గా ఉల్లంకి పిట్టలు మేస్తున్న బురద మీద. వేల కిలోమీటర్లు ఎగరడానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకునే బురద అది. గట్టు మీద ఏడు కెమెరాలు. ఒక్కో లెన్సు ఖరీదుకి సెకండ్‌హ్యాండ్ కారొస్తుంది. బాతు కాలికున్న రింగు మీద అక్షరాలు చదివేస్తారే, ఇంత లావు నంబరు ప్లేటు ఒక్కడికీ కనబడలేదా? ‘ఫ్రేములో టిప్పర్ పడుతోంది, కాస్త ఇటు జరగండి’ అన్నాడొక మహానుభావుడు. సిగ్గుండక్కర్లా? వచ్చే అక్టోబరుకి ఇక్కడ నీళ్లే లేకపోతే దేనికి టిక్ పెడతావయ్యా, సెల్లార్లో కార్లకా?

నేనే ఫోనుతో తీసి గ్రూపులో పెట్టాను. నంబరు స్పష్టంగా ఉంది. రెండు గంటలపాటు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత అడ్మిన్ రాశారు: ‘సార్, ఇక్కడ పక్షులు మాత్రమే.’

ఆ వెంటనే ఇంకొకరు: ‘టిప్పర్ మీద వాలింది పసుపు జిట్టంగి పిట్టలా ఉందే! కాస్త క్రాప్ చేసి పెట్టగలరా?’