తిరిగింది భూమి, కేకు మనకి

ఈమధ్య మా బావగారికి యాభై నిండాయి. వచ్చినవాళ్ళలో ఒకాయన ఆయన చెయ్యి పట్టుకుని "మొత్తానికి హాఫ్ సెంచరీ కొట్టేశారండీ!" అని తెగ ఊపేశారు. బావగారు కూడా నిజంగానే బ్యాటు పట్టుకుని ఆడినవాడిలా తలొంచుకుని సిగ్గుపడ్డారు. ఇంతకీ ఈయన కొట్టిందేమిటా అని నేను పక్కన కూర్చుని లెక్క వేశాను.

భూమి సూర్యుణ్ణి ఒక్కసారి చుట్టి రావాలంటే దాదాపు 94 కోట్ల కిలోమీటర్లు పోవాలి. సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో, ఆగకుండా. యాభై చుట్లంటే 4,700 కోట్ల కిలోమీటర్లు. ఇందులో బావగారు నడిచిందీ లేదు, నెట్టిందీ లేదు. మూడో వంతు దారి నిద్రలోనే గడిచింది. బస్సుని డిపోకి చేర్చిన డ్రైవర్ని వదిలేసి, వెనక సీట్లో గురకపెట్టిన ప్రయాణికుడికి సన్మానం చేసినట్టుంది వ్యవహారం.

పోనీ, బయల్దేరిన చోటికే మళ్ళీ చేరుకున్నామన్న సంతోషం అనుకుందామా? అదీ కుదరదు. సూర్యుడే ఒకచోట ఉండడు. సెకనుకు 200 కిలోమీటర్లకు పైగా వేగంతో పాలపుంతలో తిరుగుతూ మనల్నీ వెంట ఈడ్చుకుపోతున్నాడు. పైగా ఏడాదంటే 365 రోజులు మాత్రమే కాదు, ఇంకో ఆరు గంటలకు కాస్త తక్కువ ఉంటుంది. అర్ధరాత్రి సరిగ్గా 12కి విష్ చెయ్యకపోతే స్నేహమే చెడిపోతుందని అలారం పెట్టుకునేవాళ్ళు ఈ ఆరు గంటల సంగతి ఎప్పుడూ పట్టించుకోరు.

ఆ మిగులు గంటలన్నీ పోగేసి, నాలుగేళ్ళకో రోజు చేసి, ఫిబ్రవరి 29న పుట్టినవాళ్ళ నెత్తిన పెట్టారు. అదైనా నమ్మకంగా వస్తుందా? 1900 లీపు సంవత్సరం కాదు కాబట్టి 1896లో ఆ రోజున పుట్టినవాళ్ళకు తొలి పుట్టినరోజు 1904లో గానీ రాలేదు. 2100 కూడా లీపు సంవత్సరం కాదు. 2096లో పుట్టబోయేవాళ్ళకు నా సానుభూతి ఇప్పుడే చెప్పేస్తున్నాను, అప్పటికి నేను అందుబాటులో ఉండను.

వయసు సంగతైనా గట్టిదా అంటే, అది ప్రభుత్వం తల్చుకుంటే తగ్గిపోయేదేనని తేలింది. దక్షిణ కొరియాలో పాత లెక్కన బిడ్డ పుడుతూనే ఒకటో ఏడు, ప్రతి జనవరి 1కీ అందరికీ తలా ఒక ఏడు పెరిగేది. 2023 జూన్ 28న కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. తెల్లారేసరికి కాగితాల మీద దేశమంతా ఒకటో రెండో ఏళ్ళు చిన్నదైపోయింది. ఏ ఫేస్ క్రీమూ ఇంత పని చేసిన దాఖలా లేదు.

ఇక అసలు కార్యక్రమానికి వస్తే, అది పాటతో మొదలవుతుంది. పాట మహా అయితే ఇరవై సెకన్లు. ఆ ఇరవై సెకన్లూ ముఖం ఎలా పెట్టాలో మనిషికి ఇంతవరకూ తెలియలేదు. తనూ పాడితే తన్ను తాను పొగుడుకున్నట్టు, ఊరుకుంటే అలిగినట్టు. బావగారు కాసేపు కొవ్వొత్తిని చూశారు, కాసేపు కత్తిని చూశారు, చివరికి చప్పట్లు కొడదామని చేతులెత్తి, తన కోసమేనని గుర్తొచ్చి, ఆ చేతులతోనే కళ్ళజోడు సర్దుకున్నారు. తర్వాత కేకు మీద గట్టిగా ఊదారు. మామూలు రోజుల్లో ఎవరైనా మన కంచంలోకి అలా ఊదితే ఊరుకుంటామా? అందరం వరసలో నిలబడి మరీ తిన్నాం. నేను రెండు ముక్కలు తిన్నాను.

ఫోటోల దగ్గర ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. యాభయ్యేళ్ళ క్రితం ఆ రోజున నిజంగా కష్టపడిన మనిషి ఆ గదిలో ఒక్కరే ఉన్నారు, మా అత్తయ్య. కుర్చీలో కూర్చుని, ఒళ్ళో ప్లేటు పెట్టుకుని, కేకుని చెంచాతో మెల్లగా తుంచుకుంటోంది. "అమ్మమ్మా, ఫ్రేములోకి వస్తున్నావు, కొంచెం పక్కకి జరుగు" అన్నాడు మనవడు. ఆవిడ జరిగింది.

ఇదంతా చూశాక నా పుట్టినరోజు ఎవరూ చెయ్యొద్దని ఇంట్లోవాళ్ళకీ, స్నేహితులకీ కారణాలతో సహా వివరంగా చెప్పాను. 94 కోట్ల కిలోమీటర్ల లెక్క కూడా చూపించాను. ఈసారి అందరూ బుద్ధిగా నా మాట విన్నారు. మధ్యాహ్నం దాకా నేను ఫోన్ పదకొండుసార్లు చూశాను. టైమ్ కోసం.

మూడు గంటలప్పుడు టింగుమంది. నేను ఆరోగ్య బీమా కట్టే కంపెనీ. "ఈ శుభదినాన మీరు నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాం" అని, నా పేరుతో సహా. వయసుతో పాటు నా ప్రీమియం పెంచేది కూడా వాళ్ళే, అది వేరే విషయం. తేదీ గుర్తుపెట్టుకున్నారు కదా. "చాలా థాంక్సండీ, మీరొక్కరే చెప్పారు" అని టైపు చేసి పంపాను.

వెంటనే జవాబొచ్చింది. "ఇది ఆటోమేటిక్‌గా పంపిన సందేశం. దయచేసి ఈ నంబరుకు జవాబివ్వకండి."