అడ్డబొట్టు బోర్డు, నిలువుబొట్టు బోర్డు

కంప్యూటరు పెట్టెలో మదర్‌బోర్డు (అన్ని భాగాలనూ గుచ్చే పెద్ద పలక) నిలబడాలా, పడుకోవాలా, తలకిందులుగా వేలాడాలా అన్న వివాదం ముందు మన అడ్డబొట్టు, నిలువుబొట్టు తగాదాలు ఏపాటివని నాకు ఈ మధ్యనే తెలిసివచ్చింది. మొన్న మే నెలలో నా సీపీయూ (ఆ పేరు లోపలుండే ప్రాసెసరుదే, పెట్టె మొత్తాన్ని అలా అనకూడదని మా తమ్ముడి కొడుకు వారానికోసారి మందలిస్తాడు) మాటిమాటికీ ఆరిపోతుంటే వాడు వచ్చి చూసి, "పెదనాన్నా, వేడిగాలి పైకి పోవాలి, నీ బోర్డు తిరిగిన దిక్కే తప్పు" అని దోషం తేల్చాడు.

వాడి మాటకు ఆధారం లేకపోలేదు. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ అనే బోర్డు అమరిక పద్ధతిలో బోర్డు నిలువుగా ఉన్నా, దానికి గుచ్చిన, తెర మీది బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు మాత్రం ఫ్యాన్లు నేలచూపులు చూస్తుండగా అడ్డంగా సాగి, కిందినుంచి వచ్చే గాలికి అరుగులా అడ్డుపడుతుంది. 2004లో అదే ఇంటెల్, ప్రాసెసరును ముందు ఫ్యానుకు ఎదురుగా కూర్చోబెట్టే బీటీఎక్స్‌ను ప్రతిపాదించి, తక్కువ వేడెక్కే ప్రాసెసర్లు రాగానే దాన్ని చల్లగా వదిలేసింది. సిల్వర్‌స్టోన్ వారు రేవెన్ పెట్టెలో బోర్డును 90 డిగ్రీలు తిప్పి, అడుగున 180 మిల్లీమీటర్ల ఫ్యాన్లు బిగించారు. గాలి తిన్నగా పైకి పోయింది, తీగలన్నీ నడినెత్తిన పిలకలా లేచాయి. ఆ ఘనత దిక్కుదా, ఫ్యాన్లదా అని అడిగితే భక్తులకు కోపం వస్తుంది. వేడిగాలి తనంతట తాను పైకి లేచే ఊపు, ఒక మామూలు ఫ్యాను తోసే తోపు ముందు నిలవదు మరి.

దిక్కు నిజంగా లెక్కలోకి వచ్చేది వేడిని మోసుకుపోయే కూలరు గొట్టాల్లోనే. వాటిలోని కాస్త ద్రవం వేడిచోట ఆవిరై, చల్లనిచోట మళ్లీ ద్రవమై, లోపలి ఒత్తిలాంటి పొర వెంట వెనక్కి పాకుతుంది. వేడిచోటు పైనుంటే పాపం అది ఎగబాకాలి. 2022 డిసెంబరులో ఏఎండీ కంపెనీ తెచ్చిన రేడియాన్ 7900 ఎక్స్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డుల్లో కొన్ని 110 డిగ్రీలకు చేరి నీరసించాయి. ఆవిరిగదిలో (ఆ గొట్టాల పనే చేసే పలచని డబ్బాలో) నీరు చాలలేదని ఆ తర్వాతి నెలలో ఏఎండీయే ఒప్పుకుంది. చెంబులో నీళ్లు నిండుగా ఉన్నంతకాలం దాన్ని ఎటు వంచి పట్టుకున్నారని ఎవరు అడుగుతారు?

దోషపరిహారంగా మావాడు పెట్టెను టేబులు అరలోంచి బయటికి లాగాడు. ఆ అరకు తలుపుంది, వెనక గోడుంది. ముందరి జాలీ మీద దుమ్ము అట్టులా కట్టింది, దాని మీద గత దసరా ఆయుధపూజ నాటి గంధం, కుంకుమ ఎండి సగం రంధ్రాలను మూసేశాయి. అదంతా తుడిచి, పెట్టెను పక్కకు పడుకోబెట్టి, కార్డు నిటారుగా నిలబడిందని చూపించాడు. ఆరోజు నుంచి ఆరిపోలేదు. పడుకోబెట్టినందుకేనని వాడు ఊరంతా చెబుతున్నాడు. వచ్చే దసరాకు బొట్టు జాలీ మీద కాక పక్క రేకు మీద పెట్టమని నేను మా ఆవిడకు పెట్టుకున్న అర్జీ ఇంకా విచారణలోనే ఉంది.