సవరణ: పునీతుల అవశేషాలకు చెల్లేది ఆరాధన కాదు, వందనం

పునీతుల (శ్రీసభ పవిత్రులుగా ప్రకటించినవారి) పవిత్ర అవశేషాల గురించి, అంటే వారి ఎముకలు, వస్త్రాల వంటి వాటి గురించి ఇంతకుముందు రాసిన వ్యాసంలో, కథోలికులు వాటిని ‘ఆరాధిస్తారు’ అని నేను రాయడం తప్పు. ఆ ఒక్క మాట వ్యాసం మొత్తానికీ వేరే అర్థం తెచ్చింది కనుక దీన్ని అచ్చుతప్పుల జాబితాలో కలిపి వదిలేయలేను. కథోలిక శ్రీసభ బోధన ప్రకారం ఆరాధన, అంటే లాట్రియా, దేవునికి మాత్రమే చెందుతుంది. పునీతులకు చెల్లించే గౌరవాన్ని, అంటే వందనాన్ని, డూలియా అనీ, మరియమాతకు ప్రత్యేకంగా చెల్లించే ఉన్నత గౌరవాన్ని హైపర్‌డూలియా అనీ అంటారు. అవశేషం ముందు తలవంచే విశ్వాసి ఎముకనో వస్త్రాన్నో దైవంగా భావించడు. పవిత్రాత్మకు ఆలయంగా నిలిచి, పునరుత్థానం కోసం ఎదురుచూస్తున్న ఆ పునీతుని దేహాన్ని, దాని ద్వారా దేవుడు చేసిన మేళ్లను గౌరవిస్తాడు. 1563లో కథోలిక బిషప్పుల సమావేశమైన ట్రెంట్ మహాసభ చెప్పిన కారణం ఇదే. దాన్ని నేను 787 నాటి రెండవ నైసియా మహాసభకు ఆపాదించాను. ఆ సభ ప్రధానంగా తేల్చింది పవిత్ర చిత్రాల వందనం విషయాన్ని.

ప్రతి బలిపీఠం కిందా అవశేషం తప్పనిసరి అన్న వాక్యాన్నీ తొలగించాను. 1983 నాటి శ్రీసభ న్యాయస్మృతి, స్థిర బలిపీఠం కింద వేదసాక్షుల (విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవారి) లేదా ఇతర పునీతుల అవశేషాలను ఉంచే ప్రాచీన సంప్రదాయాన్ని నిలుపుకోవాలని మాత్రమే చెబుతుంది. అదే స్మృతి పవిత్ర అవశేషాల అమ్మకాన్ని పూర్తిగా నిషేధిస్తున్న సంగతిని నేను అసలు ప్రస్తావించనే లేదు. వాటికి వెలకట్టేవారు నేటికీ ఉన్నందున ఆ లోపం చిన్నది కాదు, ఇప్పుడు దాన్ని మూలవ్యాసంలో చేర్చాను.