మా పుంజుకు రాయల్టీ ఇప్పించండి

సంగీతాన్ని ఉద్ధరించడానికి ఈ మధ్య మా నకిరేకల్ వైపు ఒక వ్యాను తిరుగుతోంది. గోడల మీద కాగితాలు అతికించారు: "మీ వాకిట్లోకే స్టూడియో! బ్యాండు మేళం, డప్పు, భజన, కోలాటం, ఏదైనా రికార్డు చేయబడును." ఆ 'బడును' చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. కరెంటు నిలిపివేయబడును, జరిమానా వసూలు చేయబడును... 'బడును' అన్నవాడి వల్ల మనం ఎప్పుడు బాగుపడ్డాం?

చెరువుగట్టు జాతర దగ్గరికొచ్చిందని మా వాడకట్టు డప్పుల వాళ్లు ఆ వ్యానును పిలిపించారు. లాప్‌టాప్, ఎనిమిది మైకులు పట్టే పెట్టె, స్టాండ్లు, దుప్పట్లు దిగాయి. ఆ మైకులు పనిచేయాలంటే 48 వోల్టులు అందాలట. అందాయి. వాయించేవాళ్లకు చాయ్ మాత్రం మధ్యాహ్నం దాకా అందలేదు.

ముందుగా ఊరి నోరు మూయించే కార్యక్రమం. బోరు మోటారు బంద్. ఫ్యాన్లు బంద్. మేకలను కట్ట మీదికి తోలేశారు. మా ఎదురింటి పుంజుకు మాత్రం విషయం అర్థం కాలేదు. రికార్డు బటన్ నొక్కడం, అది కూయడం. మూడు టేకులు పోయాయి. చివరికి దాన్ని గంప కింద కమ్మి, గంప మీద దుప్పటి కప్పి, ఎత్తెయ్యకుండా పక్కన ఒక పిల్లగాడిని కాపలా పెట్టారు. లోపలి నుంచి సన్నగా కూత వస్తూనే ఉంది. "పర్లేదు, సాఫ్ట్‌వేర్‌లో తీసేస్తా" అన్నాడు రికార్డిస్టు.

చలికి డప్పు తోలు మెత్తబడుతుంది. గడ్డి మంటకు కాపితే తప్ప పలకదు. ఈ రికార్డిస్టు కుర్రాడు ఫోన్‌లో ట్యూనర్ తెరిచి "ఏ స్కేలు?" అని అడిగాడు. మంట చిటపటలు మైకులో పడుతున్నాయని మంటను పక్క గల్లీకి మార్పించాడు. డప్పు అక్కడ కాగి, ఇక్కడికి నడిచొచ్చే లోపు చల్లారిపోతోంది. గజ్జెలు విప్పమన్నాడు, విప్పారు. ఆ తర్వాత అడుగు కూడా వేయొద్దన్నాడు.

"తాతా, జర కదలకుండ కొట్టు."

"కాలు ఆడకుంటే చెయ్యెట్ల ఆడుతది బిడ్డా?"

జవాబుగా తాత చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించారు. అందులో నిమిషానికి 120 సార్లు టిక్కు. ఒక చేత సిర్ర, ఒక చేత సిటికెన పుల్ల పట్టి ఊళ్లో పెళ్లిళ్లనీ చావులనీ ఇన్నేళ్లు నడిపించిన మనిషికి తాళం నేర్పుతోంది ఆ టిక్కు. పైగా ఒక్కొక్కరుగా కొట్టాలట. ఒకరి మొహం ఒకరు చూసుకుని దరువు మార్చే ఎనిమిది మందిని రేషన్ షాపు లైన్లో నిలబెట్టినట్టు నిలబెట్టాడు.

వాకిట్లోకి వచ్చి రికార్డు చేయడం తప్పని నేననను. 1971 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో డీప్ పర్పుల్ బ్యాండు రికార్డు చేద్దామనుకున్న క్యాసినో కాలిపోయింది. రోలింగ్ స్టోన్స్ అనే మరో బ్యాండు వాళ్ల రికార్డింగ్ ట్రక్కును ఖాళీ హోటల్ బయట నిలిపి, వరండాలో పరుపులు అడ్డుపెట్టుకుని వాయించారు. అక్కడ కేబుళ్లు బ్యాండు దగ్గరికి వెళ్లాయి. ఇక్కడ బ్యాండునే విప్పి కేబుళ్లకు కట్టారు.

పది రోజులకు ఆడియో వచ్చింది. మావాళ్ల డప్పు సన్నగా ఉందని లాప్‌టాప్‌లోని డప్పు కలిపారు. మొదట్లో 'పల్లె వాతావరణం' కోసం మేక అరుపు, నీళ్ల చప్పుడు, ఒక కోడి కూత. మా పుంజుది కాదండీ! దాన్ని గంప కింద కమ్మి, ఏ దేశపు కోడినో తెచ్చి కూయించారు. అది తెల్లవారిందని కూసినట్టు లేదు, బస్సు తప్పిపోయిందని ఏడ్చినట్టుంది.

ఇంతవరకూ నవ్వుకున్నాను. కింద పేర్లు చదివాక నవ్వు పోయింది. "జానపదం. సేకరణ:" అని రాసి పక్కన ఆ వ్యాను సర్వీసు పేరు. సేకరణ ఏంట్రా? ఆ దరువు రోడ్డు మీద పడి ఉందా, ఏరుకుని సంచిలో వేసుకోడానికి? వాయించిన వాడికి హక్కుందని కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ చెబుతోంది, అదీ 50 ఏళ్లపాటు. ఆ ముక్క తాతకు చెప్పినవాడు లేడు. చాయ్ గ్లాసు పక్కన కాగితం పెట్టి వేలిముద్ర వేయించుకున్నారు, అంతే. పైసలు ఇచ్చిందీ మావాళ్లే, హక్కులు ఇచ్చిందీ మావాళ్లే! పన్నెండు మెట్ల కిన్నెర మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చి, 2024లో ఆయన కూలి పని చేస్తుంటే ఫొటోలు చూసి అయ్యో అనుకున్న జనం మనం. పేరున్న మనిషి గతే అది. పేరు కూడా రాయని ఈ తాతను ఎవరు వెతుక్కుంటూ వస్తారు?

నిజానికి పేరు పోకుండా ఉండే ఉపాయం ఆ రోజు తాతకు నేనే చెప్పాను. 1902లో కలకత్తాలో గ్రామఫోన్ వాళ్లు రికార్డు చేస్తే గాయని గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే పలికిందని. తాతకు అది తెగ నచ్చింది. ఆఖరి టేకులో చివరి దెబ్బ పడగానే మైకు ముందుకు వంగి తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు గట్టిగా చెప్పాడు.

ఆడియోలో ఆ చోటు కోసం రెండుసార్లు వెనక్కి జరిపి విన్నాను. చివరి దెబ్బ పడింది. తర్వాత ఆ కోడే మళ్లీ కూసింది.