అప్పు తీరిన నెలలోనే కారు అమ్మేయాలా? ఆ సందేశానికి ఒక జవాబు

కాంపాక్ట్ ఎస్‌యూవీ కొన్నవాళ్ల ఫోనులోకి ఏదో ఒక రోజు తప్పక వచ్చి వాలే సందేశం ఒకటుంది. దాని సారం ఇది: అప్పు తీరేసరికి కారు పనీ అయిపోతుంది, ఆ తర్వాత మరమ్మతుల ఖర్చు నెల వాయిదాను మించిపోతుంది, కాబట్టి చివరి వాయిదా కట్టిన నెలలోనే అమ్మేసి కొత్తది తీసుకోవాలి. దీనికి తోకలు కూడా ఉన్నాయి. అప్పు ముందుగా తీర్చడం దండగట. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పటికీ మార్చనక్కర్లేదట. చక్రాలకు, లైట్లకు పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు తిరిగొస్తుందట. బయట సర్వీసింగ్ చేయిస్తే వారంటీ పోతుందట. చివరి వాయిదాతో కారు పూర్తిగా మనదైపోతుందట. అచ్చమైన అబద్ధమైతే ఎవరూ పట్టించుకోరు. ఇందులో ప్రతి మాటలోనూ చిటికెడు నిజం ఉంది, అందుకే ఇంతమంది నమ్ముతున్నారు.

"అప్పు తీరాక మరమ్మతులు వాయిదాను మించిపోతాయి"

లెక్క వేసి చూద్దాం. 10 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, 60 నెలల గడువు, మిగిలిన బాకీ మీదే వడ్డీ కట్టే పద్ధతి. డబ్బు ఏ దేశానిదైనా నిష్పత్తులు మారవు. నెల వాయిదా 20,758 అవుతుంది, అంటే ఏడాదికి సుమారు 2,49,000. సందేశం నిజం కావాలంటే ఆరో ఏడు నుంచి ఆ కారు, తన మీద తెచ్చిన అప్పులో నాలుగో వంతును ఏటా మరమ్మతులకు మింగాలి. బ్రేకు ప్యాడ్లు, డిస్కులు, బ్యాటరీ, నాలుగు టైర్లు, షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు అన్నీ ఒకే ఏడాది మార్పించినా అంత కావడం కష్టం. ఇంజిన్ గానీ గేర్‌బాక్స్ గానీ పూర్తిగా దెబ్బతింటే అవుతుంది. అది మాత్రం ఏటా దెబ్బతినదు కదా.

సందేశం అసలు ఎత్తని ఖర్చు మరొకటి ఉంది, విలువ తరుగుదల. కొత్త కారు తొలి ఏడాదిలోనే దాదాపు ఐదో వంతు విలువ పోగొట్టుకోవడం, ఐదేళ్లకు సగానికి అటూ ఇటూగా దిగడం మామూలే. 100 పెట్టి కొన్నది ఐదేళ్లకు 50 అయిందనుకోండి. ఆ పాతదాన్ని ఉంచుకుంటే మరుసటి ఏడాది పోయేది బహుశా 5 లేదా 6. దాన్ని అమ్మి మళ్లీ 100 పెట్టి కొత్తది కొంటే తొలి ఏడాదిలోనే పోయేది 20. ఈ 20కి ఎవరూ బిల్లు ఇవ్వరు, అందుకే అది మనకు కనబడదు. మెకానిక్ ఇచ్చే బిల్లు మాత్రం చేతిలో కాగితంగా కనిపిస్తుంది, కడుపు మండిస్తుంది. కంటికి కనిపించే చిన్న ఖర్చును చూపించి భయపెట్టి, కనిపించని పెద్ద ఖర్చులోకి దింపడమే ఈ సందేశం చేసే పని.

ఇంకో సంగతి. కాంపాక్ట్ ఎస్‌యూవీ అంటే బరువైన ట్రక్కు చాసీ మీద కట్టిన బండి అనుకుని, భాగాలన్నీ ఖరీదని భయపడేవాళ్లున్నారు. 1994లో వచ్చిన టయోటా ఆర్‌ఏవీ4, 1995 నాటి హోండా సీఆర్-వీ దగ్గర నుంచి ఈ తరగతిలో అధిక భాగం మామూలు కారు నిర్మాణం మీద కాస్త ఎత్తుగా నిలబెట్టినవే. అదే కంపెనీ హ్యాచ్‌బ్యాక్‌కో సెడాన్‌కో వాడే ఫిల్టర్లు, ప్యాడ్లు, సెన్సర్లు చాలాసార్లు వీటికీ సరిపోతాయి. అందుకే అవి దొరకడమూ తేలికే, బాగుచేయడం తెలిసినవాళ్లూ ఎక్కువే.

ఇక ఆ చిటికెడు నిజం. కొన్ని ఇంజిన్లు నిజంగానే జేబుకు చిల్లు పెడతాయి. పెజో 2008 వంటి కార్లలో వచ్చిన 1.2 ప్యూర్‌టెక్ పెట్రోల్ ఇంజిన్‌లో, కవాటాలను సమయానికి తెరిచి మూయించే టైమింగ్ బెల్టు ఇంజిన్ ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది. ఆ బెల్టు చీకిపోయి, దాని తునకలు ఆయిల్‌ను లాగే జల్లెడకు అడ్డుపడి, ఇంజిన్‌కు ఆయిల్ అందకుండా చేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. పెజో మాతృసంస్థ స్టెల్లాంటిస్ దాని మీద హామీని 10 ఏళ్లకు పొడిగించింది, తర్వాతి రకాల్లో బెల్టు తీసేసి చైను పెట్టింది. మీ కారు ఇలాంటి పేరుపడ్డ ఇంజిన్‌తో ఉంటే, హామీ గడువు ముగిసేలోగా అమ్మాలా వద్దా అని ఆలోచించడం సబబే. బాడీ అడుగున బరువు మోసే చోట తుప్పు పట్టినా అంతే. కొత్తదానిలోని భద్రతా సదుపాయాలు కావాలనుకున్నా, పాతది మొహం మొత్తినా నిక్షేపంగా మార్చుకోవచ్చు. కానీ దానికి పొదుపు అని పేరు పెట్టకండి.

వాయిదాలు ఆగిన నెల నుంచి అందులో సగం విడిగా దాచిపెడితే, పై లెక్కలో రెండేళ్లకు దాదాపు రెండున్నర లక్షలు పోగవుతుంది. పెద్ద మరమ్మతు వచ్చినా తట్టుకోవడానికి అది చాలు.

"వడ్డీ అంతా ముందే లాగేసుకుంటారు, ముందుగా తీర్చడం దండగ"

పై అప్పులోనే మొదటి నెల వాయిదాలో 7,500 వడ్డీకి, 13,258 అసలుకు పోతుంది. చివరి నెల వడ్డీ 155 మాత్రమే. తొలి రెండేళ్లలోనే మొత్తం వడ్డీలో దాదాపు 61 శాతం కట్టేస్తామన్నది నిజం. ఇది బ్యాంకు చేసే మాయ కాదు. అప్పుడు బాకీ ఎక్కువ కాబట్టి వడ్డీ ఎక్కువ, అంతే. అందుకే ముందుగా కట్టాలనుకుంటే ఎంత తొందరగా కడితే అంత లాభం. ఏడాది గడిచాక వాయిదా మార్చకుండా అదనంగా ఒక లక్ష అసలుకు జమ చేస్తే, మిగిలిన 48 వాయిదాల్లో దాదాపు ఏడు ఎగిరిపోతాయి. ఆదా అయ్యే వడ్డీ సుమారు 40,000. ముందస్తు చెల్లింపు రుసుము ఉంటే దాన్ని ఇందులోంచి తీసేసి చూసుకోండి. డబ్బు కట్టేటప్పుడు వాయిదా మొత్తం తగ్గించమని కాకుండా గడువు తగ్గించమని రాతపూర్వకంగా అడగాలి. అడగకపోతే వాళ్లకు అనువైనది వాళ్లు చేస్తారు.

ఒక్క మినహాయింపు. కొందరు మొదటి అసలు మీదే గడువంతా వడ్డీ కట్టిస్తారు. అలాంటి 9 శాతం అప్పులో ఐదేళ్లకు 4,50,000 వడ్డీ అవుతుంది. తగ్గే బాకీ లెక్కలో చూస్తే అది 15 శాతం పైమాటే. అక్కడ ముందుగా తీర్చడం వల్ల లాభమా కాదా అన్నది ఒప్పంద పత్రం చదివితేనే తేలుతుంది.

ఇక "గడువు పొడిగించుకుని చిన్న వాయిదా కట్టడమే తెలివి" అన్న సలహా. అదే అప్పును 84 నెలలకు తీసుకుంటే వాయిదా 16,089కి దిగుతుంది, మొత్తం వడ్డీ మాత్రం లక్షకు పైగా పెరుగుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి. మూడేళ్లకు 60 నెలల అప్పులో బాకీ 4,54,000 ఉంటే, 84 నెలల దానిలో 6,46,000 ఉంటుంది. ఆ సమయంలో ప్రమాదంలో కారు నుజ్జయినా, అమ్మక తప్పని పరిస్థితి వచ్చినా, చేతికొచ్చే సొమ్ము బాకీకి చాలకపోవచ్చు. కారు పోయాక కూడా దాని వాయిదా కట్టడం కన్నా చేదైనది లేదు.

"ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం ఉంటుంది"

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే మాట ఇది. ఎందుకంటే దీన్ని నమ్మినవాళ్ల కార్లే పైన చెప్పిన మొదటి మాటను నిజం చేస్తాయి.

ఈ తరగతి కార్లలో ఎక్కువగా కనిపించే సీవీటీ గేర్‌బాక్స్‌లో పళ్ల చక్రాల జతలకు బదులు, రెండు శంకువుల జతల మధ్య ఒక ఉక్కు బెల్టు తిరుగుతుంది. బలమంతా ఆ బెల్టుకూ శంకువుకూ మధ్య ఉండే పట్టు మీదే ఆధారపడుతుంది. ఆ పట్టును ఇవ్వాల్సిందీ, అరుగుదలను ఆపాల్సిందీ, వేడిని మోసుకుపోవాల్సిందీ ఒకే ఆయిల్. వేడికి అది క్రమంగా గుణం కోల్పోతుంది. అడుగు పళ్లెం విప్పితే అందులోని అయస్కాంతం చుట్టూ నల్లటి మెత్తని లోహపు పొడి ముద్దగా అంటుకుని ఉంటుంది. ఆ ఆయిల్ ఇన్నాళ్లూ దేన్ని మోసుకు తిరిగిందో దాన్ని చూస్తే తెలుస్తుంది.

కొన్ని కంపెనీల మాన్యువళ్లలో మామూలు వాడకం పట్టికలో "మార్చనవసరం లేదు" అని ఉంటుంది. అదే పుస్తకంలో పేజీ తిప్పితే, కఠిన వాడకానికి వేరే పట్టిక ఉంటుంది. అందులో ఇదే ఆయిల్‌ను 1,00,000 కిలోమీటర్లకో, అంతకన్నా ముందో మార్చమని ఉంటుంది. ఇంతకీ కఠిన వాడకం అంటే ఏమిటి? చిన్న చిన్న దూరాలు, ఆగుతూ సాగే రద్దీ, దుమ్ము, తీవ్రమైన ఎండ, కొండదారులు. నగరాల్లో తిరిగే కార్లలో సగానికి పైగా ఆ జాబితాలోకే వస్తాయని నా అభిప్రాయం. మార్పించేటప్పుడు ఆ గేర్‌బాక్స్‌కు నిర్దేశించిన ఆయిల్ మాత్రమే పోయించండి. సీవీటీలో మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ పోస్తే బెల్టు జారి పాడవుతుంది. చాలావాటిలో మట్టాన్ని నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గరే చూడాలి కాబట్టి, థర్మామీటరో స్కానరో లేని చోట ఈ పని చేయించకండి.

ఇదే కోవలో మరచిపోయేవి ఇంకా ఉన్నాయి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ కనీస హద్దు 155 డిగ్రీలే. పొడవైన కొండ దిగుడులో పెడల్ మెత్తబడిపోవడానికి ఇదొక కారణం. రెండేళ్లకోసారి మార్పించడం పెద్ద ఖర్చేమీ కాదు. చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్ ఉంటే మరో జాగ్రత్త. చలిలో, తక్కువ దూరాల్లో తిరిగితే కాలని పెట్రోలు ఆయిల్‌లో కలుస్తుంది. 2018 ప్రాంతంలో హోండా సీఆర్-వీ 1.5 టర్బో విషయంలో ఇది పెద్ద ఫిర్యాదు అయింది. ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూడండి. మట్టం తగ్గకుండా పెరుగుతుంటే, పెట్రోలు వాసన వేస్తుంటే, ఆయిల్ మార్పించడానికి కిలోమీటర్ల లెక్క పూర్తయ్యేదాకా ఆగకండి.

"చక్రాలకు, లైట్లకు పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు తిరిగొస్తుంది"

రాదు. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లలో ఎక్కువ మంది మార్పులు చేసిన కారును చూస్తే అనుమానపడతారు. మీ అభిరుచికి వాళ్లు డబ్బు కట్టరు. సరదాకు చేయించుకుంటే చేయించుకోండి, తీసేసిన అసలు భాగాలను మాత్రం భద్రంగా ఉంచండి.

చక్రాల విషయంలో కాస్త కొలత చూడాలి. 215/60 ఆర్17 టైరు (వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో 60 శాతం, చక్రం 17 అంగుళాలు) మొత్తం వ్యాసం దాదాపు 690 మిల్లీమీటర్లు. 18 అంగుళాల చక్రానికి 215/55 టైరు వేస్తే 694 అవుతుంది, తేడా నామమాత్రం. లావుగా కనబడాలని 17 అంగుళాలకే 225/65 వేస్తే 724 అవుతుంది. ఐదు శాతం తేడా అంటే స్పీడోమీటర్ ముల్లు అదే అంకె చూపుతున్నా, కారు మునుపటికన్నా ఐదు శాతం ఎక్కువ వేగంతో పోతున్నట్టే. నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే ఆల్ వీల్ డ్రైవ్ కారుకు అరిగిన టైర్ల పక్కన ఒక్క కొత్త టైరు వేయడమూ ఇలాంటిదే. చుట్టుకొలతల తేడాకు ముందు వెనుక ఇరుసులను కలిపే క్లచ్ అనవసరంగా రాపిడికి గురవుతుంది. కొత్త టైర్లు కొనేటప్పుడు పక్కన ముద్రించిన నాలుగు అంకెలు చూడండి: 2322 అని ఉంటే 2022లో 23వ వారం తయారైనదని.

హాలోజెన్ బల్బు కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ బల్బు పెడితే వెలుగు పుట్టే చోటు మారిపోతుంది. కాంతి రోడ్డు మీద పడాల్సింది ఎదుటివాడి కళ్లలో పడుతుంది. చాలా దేశాల్లో ఇది చట్టవిరుద్ధం కూడా. నన్నడిగితే ఈ తరగతి కారుకు పెట్టగల ఉత్తమమైన అదనపు ఖర్చు మంచి టైర్లే. ఎవరికీ చూపించుకోలేం గానీ బ్రేకు వేసిన ప్రతిసారీ పనికొస్తాయి.

"బయట సర్వీసింగ్ చేయిస్తే వారంటీ పోతుంది"

అన్ని చోట్లా కాదు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం, యూరోపియన్ యూనియన్‌లో 2002 నుంచి వచ్చిన పోటీ నిబంధనలు ఈ బెదిరింపునే అడ్డుకుంటాయి. మీరున్న చోట నియమం వేరే కావచ్చు, వారంటీ పుస్తకం చూసుకోండి. విడిగా కొనే అదనపు వారంటీకి విడి షరతులుంటాయి. ఎక్కడ చేయించినా బిల్లు మీద తేదీ, ఓడోమీటర్ అంకె, పోసిన ఆయిల్ గ్రేడు రాయించుకోండి. ఇంజిన్ కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్పించి శక్తి పెంచుకున్నవాళ్లకు మాత్రం ఈ వాదన అక్కరకు రాదు.

"చివరి వాయిదాతో కారు పూర్తిగా మీది"

డబ్బు పరంగా నిజమే, కాగితాల పరంగా చాలాచోట్ల కాదు. అప్పిచ్చినవాళ్ల హక్కు రిజిస్ట్రేషన్ రికార్డులో నమోదై ఉంటే, దాన్ని తొలగించారో లేదో మనమే చూసుకోవాలి. బాకీ లేదన్న పత్రం తీసుకోవడం, దాన్ని రిజిస్ట్రేషన్ అధికారికి అందజేయడం, బీమా పాలసీలో కూడా వాళ్ల పేరు తీయించడం ఆ నెలలోనే పూర్తిచేయండి. పాలసీలో ఆ పేరు అలాగే ఉండిపోతే, అప్పు తీరిపోయినా, కారు నుజ్జయినప్పుడు పరిహారం ముందుగా అప్పిచ్చినవాళ్లకే వెళ్లవచ్చు. దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి ఎన్ని కాగితాలు కావాలో అప్పుడు తెలుస్తుంది.