సవరణ: ఇంటికి ఎన్ని గుడ్ల కోళ్లు?

"నలుగురున్న ఇంటికి నాలుగు పెట్టలు చాలు" అని ఇంతకు ముందు ఇచ్చిన లెక్కకు ఇది సవరణ. ఏడాదికి 300 దాకా గుడ్లు పెట్టే ఫారం కోడికే ఆ లెక్క దాదాపు సరిపోతుంది. విశాఖ దగ్గరి పెందుర్తి, మధురవాడ వైపు పెరటిలో నాటుకోళ్లు పెంచేవారికి అది వర్తించదు. నాటుపెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే గొప్ప. పది పన్నెండు పెట్టగానే గుడ్లు ఆపి పొదగడానికి కూర్చుంటుంది. అలాంటివి నాలుగుంటే వారానికి సగటున నాలుగైదు గుడ్లే.

రోజూ తలా ఒక గుడ్డు కావాలంటే, హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ రకం కోడి మేలు. ఏడాదికి సుమారు 200 గుడ్లనుకుంటే ఏడు పెట్టలకు కాస్త పైనే కావాలి. ఈకలు రాల్చే కాలంలో గుడ్లు ఆగిపోతాయి కనుక ఎనిమిది ఉంచండి. పుంజు లేకపోయినా గుడ్లకు లోటుండదు.

ఎనిమిది కోళ్లకు రోజుకు 900 గ్రాముల దాకా మేత పడుతుంది. అంతకన్నా ముఖ్యం చోటు. విశాఖ ఉక్కపోతకు కోడి మేత తగ్గిస్తుంది, గుడ్లు తగ్గుతాయి, పెంకు పలుచబడుతుంది. గాలి ఆడని గూట్లో దాని బాధ చెప్పనలవి కాదు. నీడ, చల్లని నీళ్లు మూడు కోళ్లకే అమరితే మూడే పెంచండి, మిగతా గుడ్లు కొనుక్కోండి. ఒంటరిగా ఒక్కదాన్ని మాత్రం ఉంచకండి. కోడి మందలో బతికే ప్రాణి.